‘కట్టు’ అనేదాకా

తెప్ప మీద ఒకటే గొంతు ఉండాలి. కొండమీది రేవులో ‘విప్పు’ అన్న క్షణం నుంచి కింద మైదానం రేవులో ‘కట్టు’ అనేదాకా ఆ ఒక్క గొంతే మాట్లాడుతుంది. మిగతావాళ్లు ‘ఊ’ అంటారు, అంతే. మధ్యలో రాత్రిళ్లు చెట్టుకు తగిలించి పడుకోవడం లెక్కలోకి రాదు. తెప్పలు నడిపే ఇళ్లలో పిల్లలకు ఈ సంగతి నడక కంటే ముందే వస్తుంది. మైదానం నుంచి వచ్చిన కోడలికి మాత్రం అత్తగారు వాచిన మోకాలికి ఆకుపసరు రాసుకుంటూ మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

“ఎండకి కళ్లు తిరిగినా ‘ఊ’. కుండ బోర్లా పడినా ‘ఊ’. మీ మామయ్య తిట్టినా ‘ఊ’. తెలిసిందా?”

“ఊ,” అంది కోడలు.

“ఇంకా తెప్ప ఎక్కలేదు కదే! ఇక్కడ నోరు తెరవొచ్చు.”

ఏటా తెప్ప మీద వంటకు వెళ్లేది అత్తగారే. ఈసారి ఆవిడ మోకాలు గుమ్మడికాయలా ఉబ్బింది. అందుకని కోడలికి ఆ అదృష్టం పట్టింది. ఆ ఇంటికి వచ్చిన కొత్తలో మెట్లెక్కుతూ రోజూ ఎక్కడో ఒకచోట తట్టుకుని పడేది. “ఈ పిల్ల కాళ్లు బల్లపరుపు నేల మీద పెరిగాయి, ఏం చేస్తాం,” అన్నారు మామగారు ఒకసారి. అంతే, అప్పటినుంచి ఊళ్లో ఆమె పేరు బల్లపరుపు అయిపోయింది. చివరికి మేకలు కాసేవాళ్లు కూడా అలాగే పిలిచేవాళ్లు.

తెప్ప కడుతున్న రోజున కలప గుత్తేదారు కొత్త రోడ్డు మీద మోటారు సైకిలేసుకుని పైకి వచ్చాడు. దుంగల మీద కూర్చుని, చెప్పుల్లో పడ్డ పొట్టు దులుపుకుంటూ మాట్లాడాడు.

“పెద్దాయనా, కొండల్లో నీ అంతటివాడు లేడు. ఒప్పుకుంటాను. కానీ కిందికొచ్చి, రేవు ఇంకో మలుపు ఉందనగా ఇసుకలో కూర్చుంటున్నావు. పోయినేడూ అంతే, ముందటేడూ అంతే. దుంగలు విప్పించి ఒక్కొక్కటీ ట్రాక్టరుకి కట్టి ఈడ్పించుకుంటున్నా. ఈసారి కూడా కూర్చున్నావనుకో, వచ్చే ఏడాది నుంచి లారీలే. ఏమనుకోకు.”

మామగారు మోకు రెండు దుంగల మధ్యకు దూర్చి, కాలు ఆనించి, వెనక్కి వాలి లాగారు. ముడి బిగిసి మోకులోంచి నీళ్లు కారాయి. ఆయన తాత తెప్ప నడిపాడు, తండ్రి నడిపాడు. ఆ ఇంట్లో మగవాళ్లకు ఇంకో పని చేతకాదు.

“ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదేనమ్మా,” అంది అత్తగారు, గుత్తేదారు వెళ్లిపోయాక. “రోడ్డు లేనన్నాళ్లూ మీ మామయ్య దేవుడు.”

*

“విప్పు.”

“ఊ!” అన్నాడు భర్త. తాడు జారింది. తెప్ప ముందు మెల్లగా కదిలి, అంతలోనే ఎవరో వెనకనుంచి నెట్టినట్టు పరుగందుకుంది.

ముందు తెడ్డు మామగారిది, వెనక తెడ్డు భర్తది. మధ్యలో ఆకులు కప్పిన చిన్న గుడిసె, దాని ముందు మట్టి పరిచి పెట్టిన పొయ్యి, పొయ్యి దగ్గర గుంజను పట్టుకుని ఆమె. రెండు పక్కలా కొండలు ఎంత దగ్గరగా వచ్చాయంటే, ఆకాశం ఒక పాయలా మాత్రమే కనిపిస్తోంది. నీళ్లు తెల్లగా విరిగి, రాళ్ల మీద ఎగిరి, మళ్లీ పచ్చగా కూడుకుని కిందికి దూకుతున్నాయి. ఆ హోరులో మామగారి గొంతు ఎలా వినిపిస్తోందో ఆమెకు అర్థం కాలేదు. కానీ వినిపిస్తోంది.

“వెనక ఎడమ!”

“ఊ!”

“ఎత్తు!”

“ఊ!”

“నడుమ పట్టు, నడుమ!”

ఇంట్లో ఆయన మంచం మీంచి లేవాలంటే రెండుసార్లు మూలుగుతారు. ఇక్కడ మాత్రం వంగిన మోకాళ్ల మీద అటూ ఇటూ ఊగుతూ, తెడ్డును చంకలో బిగించి, కళ్లు సగం మూసుకుని ఏరు ఏమంటోందో వింటున్నారు. నిజంగా వింటున్నారు. రాయి కనిపించకముందే ఆయన తల అటు తిరుగుతోంది. ఈయనతోనా నేను పులుసులో ఉప్పు ఎక్కువైందని వాదన పెట్టుకున్నది అనుకుందామె.

అప్పుడే వచ్చింది ఆ నల్లరాయి. ఇల్లంత ఉంది. ఏరంతా దాని మీదికే పోయి కొట్టుకుంటోంది, తెప్ప కూడా సూటిగా దాని మీదికే పోతోంది. మామగారు మాట్లాడటం లేదు. తెడ్డు నీళ్లలో పెట్టడం లేదు.

“కుడికి! కుడికి తిప్పండి!”

భర్త చేతులు ఆ కేకకు వాటంతట అవే కదిలాయి. వెనక తెడ్డు పడింది. తెప్ప తోక గిర్రున తిరిగి రాతికి తగిలింది. ఫెళ్లుమని రెండు చోట్ల మోకు తెగింది, చివరి దుంగ పక్కకు తేలింది, పొయ్యి మీది కుండ ఏట్లోకి ఎగిరిపోయింది. ఆ తర్వాత మామగారి గొంతు ఎంత వేగంగా ఎన్ని మాటలు అందో ఆమెకు గుర్తు లేదు. కళ్లు తెరిచేసరికి తెప్ప ఇంకా తెప్పలాగే ఉంది.

సాయంత్రం గులకరాళ్ల ఒడ్డున చెట్టుకు తగిలించి, ఇద్దరు మగవాళ్లూ మొలలోతు నీళ్లలో నిలబడి తెగిన మోకు మళ్లీ బిగించారు. మామగారు తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది.

“ఆ రాయి నీళ్లని వెనక్కి తోస్తుంది,” అన్నారు చివరికి, చేతులు పిండుకుంటూ. “ఆ తోపుడు మీద తెప్ప దానంతటదే పక్కకి జారుతుంది. ఊరుకోవడమే అక్కడ పని. మీ అత్తకి పాతికేళ్లుగా తెలుసు.”

“తప్పైంది మామయ్యా.”

“రెండు గొంతులైతే తెప్ప రెండవుతుంది. కింద రేవులో ‘కట్టు’ అనేదాకా తెప్ప మీద నీ నోట్లోంచి మాట రాకూడదు.”

“ఊ,” అందామె. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.

*

మర్నాడు కొండలు వెనక్కి తగ్గాయి. బండలు రాళ్లయ్యాయి, రాళ్లు గులకలయ్యాయి, మధ్యాహ్నానికి గులకలు కూడా పోయి ఒడ్డున ఇసుక కనిపించింది. ఏరు వెడల్పయింది. హోరు ఎక్కడ ఆగిందో తెలియకుండానే ఆగిపోయింది. మిగిలిన ఒక్క గిన్నె కడుగుతూ ఆమె అరచేతిలోకి నీళ్లు తీసుకుంది. నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారిపోయి సన్నటి ఇసుక మిగిలింది. ఆ ఇసుకను బొటనవేలితో రాసి చూసుకుంటే పుట్టింటి గుమ్మంలో కూర్చున్నట్టే ఉంది.

వాళ్ల నాన్నది కింద రేవులో బల్లకట్టు. మనుషుల్నీ సైకిళ్లనీ ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు దాటించడం ఆయన పని. అయిదో ఏటనుంచి పెళ్లి అయ్యేదాకా ఆమె ఆ బల్లకట్టు అంచున కాళ్లు వేలాడేసుకుని పెరిగింది. ఏరు ఒడ్డును కోసే చోట లోతు, ఇసుక మేట వేసే చోట మోకాటి నీళ్లు. ఇది ఆమెకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. అన్నం కలుపుకోవడం ఎవరు నేర్పారంటే ఎవరైనా ఏం చెబుతారు?

మామగారు మాత్రం నిశ్శబ్దంలోకి వచ్చినప్పటినుంచి మనిషి మనిషిలా లేరు. తల అటు తిప్పుతున్నారు, ఇటు తిప్పుతున్నారు. ఇక్కడ ఏరు ఏమీ అనడం లేదు. ఏమీ అనని ఏటిని ఎలా వినాలో ఆయనకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే.

“నడుమ పట్టు.”

“ఊ.”

కొండల్లో అదే దారి. ఒడ్డంటే రాయి, రాయంటే చావు. బతికి బయటపడ్డవాళ్లంతా నడుమ పట్టినవాళ్లే. కాబట్టి ఆయన తాత నడుమ పట్టాడు, తండ్రి నడుమ పట్టాడు, ఆయనా అదే పట్టాడు. ఆ రోజుల్లో కింద కూడా నీళ్లు నిండుగా ఉండేవి, ఎటు పోయినా చెల్లింది. ఇప్పుడు నడుమంతా మేటలే. అల్లంత దూరాన ఏటి మధ్యలో కొంగలు వరసగా నిలబడి ఉన్నాయి. కొంగ ఈత కొడుతుందా? కాళ్లు ఆనకపోతే నిలబడుతుందా? ఆమె గిన్నె పట్టుకుని కొంగల్ని చూసింది, మామగారి వీపు చూసింది, పెదవి కొరుక్కుంది.

సర్రుమని కింద ఇసుక రాసుకుంది. తెప్ప నీరసంగా ఆగింది. ఇద్దరూ గడలు తీసి, రొమ్ము ఆనించి తోశారు. చాలాసేపటికి కదిలింది. ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం: ఆయన మీదా, తన కేక మీదా, మోకాలు వాచిన అత్తగారి మీదా. పొయ్యిలో పుల్లల్ని ఫటాఫటా విరిచింది.

ఆ సాయంత్రం ఒడ్డున భర్త మెల్లగా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

“పొద్దుటినుంచి పుల్లలు విరుస్తున్నావు. ఏమన్నా చెప్పాలా?”

“ఊ.”

“చెప్పు మరి.”

“ఊ తప్ప ఇంకేం అనకూడదుగా.”

అతను నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు. “నాన్న చేతులు చూశావా? గడ పట్టుకుంటే వణుకుతున్నాయి. కొండల్లో ఎప్పుడూ వణకలేదు.”

ఆమె చూసింది. అందుకే చెప్పింది: నడుమ ఇసుకే ఉంటుందని, ఒడ్డు విరిగిపడే వైపే తెప్పకు చాలినంత లోతని, కొంగల సంగతి.

“ఒడ్డు పక్కకా? చచ్చినా పోడు.”

“చెప్పి చూడవయ్యా. నీకు నాన్నేగా.”

మర్నాడు పొద్దున తాడు విప్పే ముందు అతను గొంతు సవరించుకున్నాడు. “నాన్నా, అదీ... ఈ ఒడ్డు పక్కన...”

“ఆ, ఒడ్డు పక్కన?”

“ఏం లేదు. చెట్లు బాగా పెరిగాయి.”

కొడుకు అలా నీళ్లు నమిలేసరికి మామగారు ఒకసారి అతన్నీ, ఒకసారి ఆమెనూ చూసి తెడ్డు దగ్గరికి వెళ్లారు.

*

ఎండ నడినెత్తికి రాకముందే ఆ చోటు వచ్చింది. మలుపు తిరిగితే రేవు. మలుపుకు ముందు ఏరు చెరువులా పరుచుకుని ఉంది. ఆ మధ్యలో, తమకంటే ముందురోజు బయల్దేరిన అదే ఊరి మీసాలాయన తెప్ప ఒడ్డున పడ్డ మొసలిలా కూర్చుని ఉంది. అతని మనుషులు మోకాటి నీళ్లలో నిలబడి దుంగలు విప్పుతున్నారు. మీసాలాయన పైన కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

“రా బావా, రా!” అని కేకేశాడు. “పక్కన చోటుంది. కలిసి కూర్చుందాం. ట్రాక్టరు మధ్యాహ్నానికి వస్తుందట!”

మామగారు తెడ్డు నీళ్లలోంచి పైకెత్తారు. దాని అంచునుంచి నీటిబొట్లు పడుతున్నాయి. తెప్ప తనంతట తాను మీసాలాయన వైపే, నడుమకే, నిదానంగా పోతోంది. తొందరేమీ లేదు. ఇక్కడ చావు లేదు. ఉన్నదల్లా సర్రుమనే ఆ చప్పుడు, ఆ తర్వాత గుత్తేదారు ముఖం, ఆ తర్వాత లారీలు. ఆయన నోరు తెరిచారు. ‘నడుమ’ అనబోయారు. మాట రాలేదు.

భర్త వెనక తెడ్డు పట్టుకుని ఆమె వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

“బల్లపరుపూ,” అన్నారు మామగారు, వెనక్కి తిరగకుండానే.

“ఊ.”

“ఇవి మీ నాన్న నీళ్లు కదూ.”

“ఊ.”

“మాట్లాడు.”

“తెప్ప మీద ఒకటే గొంతు కదా మామయ్యా.”

“అవును,” అన్నారాయన. “ఒకటే.”

అని నోరు మూసుకున్నారు.

ఆమె గిన్నె కింద పెట్టింది. కొంగు నడుముకు దోపి, గుడిసె పక్కనున్న మొద్దు ఎక్కి నిలబడింది. కొండలు తెలియని ఈ కాళ్లకు తట్టుకుని పడడానికి ఇక్కడ మెట్లు లేవు. ఎడమ ఒడ్డున నిలువునా తెగిన ఎర్రమట్టి గోడ, గోడలోంచి వేలాడుతున్న వేళ్లు, గోడ కింద ముడతలు లేని చిక్కటి నీళ్లు. అన్నీ ఇంట్లో సామాన్లలా పెట్టినచోటే ఉన్నాయి.

“ఎడమకి.” గొంతు సన్నగా వచ్చింది. మళ్లీ అంది. “ఎడమకి! ఇద్దరూ!”

“ఊ!” అన్నాడు భర్త, రెండు రోజులుగా దాచుకున్నట్టు.

మామగారు ఊ అనలేదు. బహుశా ఎలా అనాలో మరిచిపోయి ఉంటారు. కానీ ముందు తెడ్డు పడింది. తెప్ప ముక్కు నడుమనుంచి తిరిగి మట్టిగోడ వైపు బయల్దేరింది.

“ఇంకా దగ్గరికి.”

“ఊ.”

“ఇంకా.”

“ఊ...” అన్నాడు భర్త, ఈసారి కాస్త ఏడుపు గొంతుతో.

గోడ మీదికి వచ్చేసింది. ఇద్దరు మనుషుల ఎత్తుంది. పైనుంచి మట్టిపెళ్ల ఒకటి ఊడి, తెప్ప పక్కన దభీమని పడింది. మామగారి భుజం ఉలిక్కిపడింది. ఒడ్డుకు దూరంగా బతకడమే ఆయన నేర్చిన విద్య. ఇప్పుడు ఆ ఒడ్డును చేయి చాస్తే తాకేలా పోతున్నారు. ఇంకో పెళ్ల పడింది, మళ్లీ ఉలిక్కిపడ్డారు. తెడ్డు మాత్రం చెప్పిన చోటే ఉంది. అది చూసి ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కొండల్లో నల్లరాయి ముందు తను చేయలేకపోయిన పని ఆయన చేస్తున్నారు.

వేలాడుతున్న వేళ్లు గుడిసె కప్పును రాసుకుంటూ పోయాయి. ఆకులు రాలి పొయ్యిలో పడ్డాయి. తెప్ప కింద ఇసుక చప్పుడు లేదు.

“తెడ్లు ఎత్తేయండి. నీళ్లే తీసుకుపోతాయి.”

“ఏం చెయ్యొద్దా?” అన్నాడు భర్త.

“ఊరుకోవడమే ఇక్కడ పని.”

మామగారి వీపు కొద్దిగా కదిలింది. నవ్వారేమో, వెనకనుంచి తెలియలేదు. ఏటి మధ్యనుంచి మీసాలాయన గొంతు వినపడింది.

“ఒరేయ్, ఆ తెప్ప మీద గొంతెవరిదిరా?”

“బల్లపరుపుదండీ!” అని ఎవరో కేకేశారు.

మీసాలాయన చుట్ట నోట్లోంచి తీశాడు, మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయాడు.

మలుపు దగ్గర ఎర్రగోడ అయిపోయింది. ఇకనుంచి ఏరు కోసేది కుడి ఒడ్డును. అక్కడికి చేరాలంటే ఏటికి అడ్డంగా పోవాలి. ఎక్కడ దాటాలో తప్పితే మిగిలేది మేటే. ఆమె నీళ్ల రంగు చూస్తూ ఆగింది. ఇంకాస్త ఆగింది.

“ఇప్పుడు! కుడికి, గట్టిగా!”

తెప్ప అడ్డంగా తిరిగింది. సగం దూరం బాగానే పోయింది. తర్వాత తోక కింద సర్రుమంది. ముగ్గురికీ తెలిసిన చప్పుడే. తెప్ప నెమ్మదించింది. భర్త గడ అందుకోబోయాడు.

“గడ వద్దు! మామయ్యా, ముందు తెడ్డు! ముక్కు లోతులో పడితే ఏరే లాక్కుంటుంది!”

ఆయన తెడ్డు మీద మొత్తం మనిషి వాలిపోయారు. మెడ నరాలు తేలాయి. అరికాళ్లు దుంగల మీద జారాయి, మళ్లీ తన్నిపెట్టి వాలారు. తెప్ప ముక్కు జానెడు కదిలింది, ఇంకో జానెడు కదిలింది. అంతలో అటువైపు నీళ్లు దాన్ని అందుకున్నాయి. ఇసుక చప్పుడు తెగిపోయింది. తెప్ప మొత్తం, కొండమీది దుంగలన్నీ ఒక్కటిగా, కుడి ఒడ్డు పక్కకు జారి రేవు వైపు సాగింది.

భర్త ఊ అనలేదు. ఈల వేశాడు.

రేవులో గుత్తేదారు గొలుసుతో సహా ట్రాక్టరు సిద్ధంగా పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బల్లకట్టు ఏటి మధ్యలో ఉంది. దాని మీద ఆమె నాన్న గడ ఎత్తి పట్టుకుని, దాటాల్సినవాళ్లు అరుస్తున్నా కదలకుండా చూస్తున్నాడు. ఒడ్డును రాసుకుంటూ వస్తున్న కొండ తెప్పను ఆయన జన్మలో చూడలేదు. పక్కన ఉన్న సైకిలాయన ఏదో అడిగితే, “మా అమ్మాయి,” అన్నాడు.

తెప్ప రేవు రాళ్లకు మెత్తగా తగిలింది. మామగారు తాడు చివర పట్టుకుని ఒడ్డుకు దూకి, రాతి గుంజ దగ్గరికి నడిచారు.

“ట్రాక్టరు తీసుకుపోరా,” అని గుత్తేదారు డ్రైవరుతో అని, నవ్వుతూ దగ్గరికి వచ్చాడు. “భలే తెచ్చావయ్యా పెద్దాయనా! లారీల మాట మరిచిపో. వచ్చే ఏడాది ఎన్ని తెప్పలు కడతావో చెప్పు.”

“ముందు దీన్ని కట్టనీ.”

కానీ ఆయన కట్టలేదు. తాడు గుంజకు ఆనించి, చేత్తో పట్టుకుని, అలాగే నిలబడ్డారు. తెప్ప తాడును లాగుతోంది. రేవులో జనం చూస్తున్నారు.

“మరి కట్టవేం?” అన్నాడు గుత్తేదారు.

“ఇంకా అనలేదుగా.”

“ఏది? ఎవరు?”

మామగారు తల ఎత్తి, మొద్దు మీద ఇంకా నిలబడే ఉన్న కోడలి వైపు చూశారు. ఆమెకు అప్పుడు అర్థమైంది. కొంగు విప్పి ముఖం తుడుచుకుంది. ఈసారి గొంతు సన్నగా రాలేదు.

“కట్టండి మామయ్యా.”

“ఊ!” అన్నారాయన, రేవంతా వినపడేలా. అని వంగి, తాడును గుంజ చుట్టూ తిప్పి, ముడి బిగించారు.